నన్ను ఇచ్చిన చెయ్యి

నన్ను కన్న నాయన ముఖం నాకు తెలియదు. నేను నడక నేర్వకముందే కలరా వచ్చి పోయాడట. నాకు నాయన అంటే, అమ్మ చంకనెక్కి నేను ఎవరి ఇంటికి వచ్చానో ఆయనే. ఈ మాట ఇప్పుడు ఎవరితో చెప్పినా అవును కదా అని తల ఊపుతారు. కోర్టులో చెబితే మాత్రం రుజువేదమ్మా అని అడిగారు. అడిగినందుకు జడ్జిని నేనేమీ అనను. రుజువు ఎవరి నోట్లో ఉందో నాకు తెలుసు. నా కడుపుమంట అంతా ఆ నోటి మీదే.

మా కులంలో భర్త పోయిన ఆడది మళ్ళీ ఒక ఇంటికి పోవచ్చు. దాన్ని మారుమనువు అనేవాళ్ళు. పెళ్ళి అని నోరారా అనేవాళ్ళు కాదు. మేళాలుండవు, పందిరుండదు, పెద్దమనుషుల ముందు కొత్త చీర ఇస్తే అయిపోయినట్టే. అట్లా చేసుకున్న ఆడదాన్ని శుభకార్యాల్లో పీట మీద కూర్చోనిచ్చేవాళ్ళు కాదు. పెళ్ళికూతురికి పసుపు రాయకూడదు, హారతి పట్టకూడదు, ఒడిబియ్యం పోయకూడదు. వంట మాత్రం ఎంతమందికైనా చేయవచ్చు. ఊళ్ళో ఏ శుభకార్యం జరిగినా మా అమ్మ పొయ్యి దగ్గరే ఉండేది.

మా ఊరు బుక్కరాయసముద్రం దాటి తాడిపత్రి దోవలో ఉంటుంది. ఎర్ర గరుసు నేల. శెనక్కాయ వేసి ఆకాశం వైపు చూడడమే సేద్యం. నాయన మాత్రం మేఘాన్ని నమ్మకుండా చేని మూల బావి తవ్వుతుండేవాడు. ఒక కరువులో మొదలుపెట్టిన బావి ఇంకో కరువుకు కూడా పూర్తి కాలేదు. మధ్యాహ్నం నేను సంగటి తీసుకుపోతే లోపలి నుంచి అరిచేవాడు, "పాపా, ఆ పక్కకు జరుగు, మన్ను పడతాది" అని. పైకొచ్చి చేతులు కడుక్కుని మొదటి ముద్ద నా నోట్లో పెట్టి తరువాత తను తినేవాడు. నేను ఇంట్లో తినే వచ్చానన్నా వినేవాడు కాదు.

ఒకసారి నన్ను గుత్తి తీసుకుపోయాడు, కోట చూపిస్తానని. సగం కొండకే కాళ్ళు నొప్పులని నేను ఏడుపు ఎత్తుకుంటే మిగతా కొండంతా భుజాల మీద ఎక్కించుకున్నాడు. దోవలో ఎవరో "ఎవురప్పా ఈ పాప?" అని అడిగితే, "నా కూతురు. ఇంగెవురు?" అని అంత బరువులోనూ ఆగి జవాబు చెప్పాడు. ఆ గొంతు నాకిప్పటికీ వినబడుతుంది. ఆయన అడుగులోనూ మాటలోనూ ఎక్కడా లెక్క తప్పలేదు. లెక్క తప్పింది ఇంకోచోట.

అసలు తగువు పెద్దల పండగ నాడు మొదలైంది. చచ్చిపోయిన పెద్దలకు బట్టలు పెట్టి, వండినవన్నీ పెట్టి, తరువాత ఇంటివాళ్ళంతా వరసగా కూర్చుని తింటారు. నేను నాయన పక్కన కూర్చోబోయాను. నాయన తమ్ముడి భార్య, నాకు చిన్నమ్మ, నా రెక్క పట్టుకుని లేపింది. "ఈ పాప ఇంటిపేరు వేరే. మన పెద్దలకు పెట్టిన కూడు మనింటోళ్ళే తినాల" అని నన్ను వసారాలో కూర్చోబెట్టి ఆకు వేసింది. నేను ఏడవలేదు. కోపం వచ్చి ఆకు చింపేశాను. నాయన ముద్ద నోట్లో పెట్టుకోకుండానే లేచి, తన ఆకు తెచ్చుకుని నా పక్కన వసారాలో కూర్చున్నాడు. అమ్మ వంటింటి తలుపు దగ్గర నిలబడి చూసింది. ఒక మాట అనే హక్కు ఆమెకు ఎవరిచ్చారు కనుక?

తరువాత వారంలో నాయన నన్ను వెంటబెట్టుకుని అనంతపురం పోయి ఒక ప్లీడరును కలిశాడు. ముక్కుపొడుం పీలుస్తూ మాట్లాడే ముసలాయన. నన్ను కిందా మీదా చూసి ఆయన చెప్పిన మాటలు అప్పుడు నాకు సగం అర్థం కాలేదు. పెద్దయ్యాక నాయన నోట, ఆ తరువాత ఆ ప్లీడరు నోటే మళ్ళీ విన్నాను కాబట్టి అన్నీ గుర్తున్నాయి.

"కొత్త చట్టం వచ్చిందప్పా. ఇంతకుముందు ఆడపిల్లను దత్తు తీసుకునేకి లేదు. ఇప్పుడు తీసుకోవచ్చు. నీకు వేరే కూతురు లేదు, పాప చిన్నది, పెండ్లి కాలేదు. నీకూ పాపకూ ఇరవై ఒక్క ఏండ్లకు తక్కువ గాకుండా తేడా ఉండాల. అది ఉండాది. పాపను కన్న తండ్రి లేడు కాబట్టి ఇచ్చే హక్కు తల్లిది. ఆమె ఇయ్యాల, నువ్వు తీసుకోవాల. అంతే."

నాయన నవ్వాడు. "నా పెండ్లాము, నా ఇంట్లో ఉండే నా బిడ్డను, నాకే ఇయ్యల్నా సామీ?"

"ఇయ్యాల. ఒగే ఇంట్లో ఉండారని ఊరికే అనుకుంటే చాలదు. నలుగురి ముందర చేతితో ఇచ్చి చేతితో తీసుకోవాల. చట్టం నీ ఇంట్లోకి వచ్చి చూడదు, నలుగురు చూసిందే దానికి తెలుస్తాది. అయినాక ఇద్దురూ సంతకాలు పెట్టి రిజిస్టరు చేయించండి. రేపు ఎవురైనా కాదంటే అది కాపాడతాది."

తిరిగి వచ్చి నాయన ఈ సంగతి చెబితే అందరికన్నా ఎక్కువ సంతోషపడింది చిన్నాయనే. నాకు చిన్నాయన అంటే ప్రాణం. సంతకు పోతే నాకు గాజులు తెచ్చేవాడు, పాకంపప్పు తెచ్చేవాడు. పెండ్లాం నన్ను వరసలోంచి లేపినందుకు ఇంట్లో ఆమెను తిట్టాడని కూడా విన్నాను. శుక్రవారం నాడు పెట్టుకుందాం అని ఆయనే నిర్ణయించాడు, ఊరికి ఆయనే చెప్పాడు, బియ్యం, కందిబేడలు ఆయనే తెచ్చాడు. ఆ ముందు రోజు పెద్దమనుషులు కూర్చున్నప్పుడు ఆయనే అన్నాడు,

"అన్నా, వదినను పీట మీద కూచోబెడితే ఊరోళ్ళు వచ్చి తింటారా? ఎప్పుడైనా జరిగిందా అట్ల? వాళ్ళన్న ఉండాడు కదా, పాపకు మేనమామ. ఆయప్ప ఇస్తాడులే."

"ప్లీడరు తల్లే ఇయ్యల్లన్నాడే" అన్నాడు నాయన.

"ప్లీడరుకు మన ఆచారము ఏం తెలుస్తాది? తల్లి ఇచ్చినా మేనమామ ఇచ్చినా ఒగటే. ఏమప్పా?"

పెద్దమనుషులంతా అవునవునన్నారు. నాయన సరేలే అన్నాడు. బండరాయిని గడ్డపారతో పగలగొట్టే మనిషి, నలుగురు ఒక మాట అంటే మెత్తబడిపోయేవాడు. ఆ ఒక్క సరేలే మీద ఆయన మీద కూడా నాకు కోపమే. ఆయన పోయాక కూడా తగ్గలేదు.

శుక్రవారం పొద్దున అమ్మ నాకు పెరట్లో తలంటుతోంది. శీకాయ కళ్ళల్లో పడి నేను గింజుకుంటున్నాను. మా మేనమామ కొత్త తువ్వాల భుజాన వేసుకుని పెరట్లోకి వచ్చాడు. రోడ్డు పనుల్లో రాళ్ళు కొట్టి బతికే మనిషి, చేతులు గరగరలాడేవి. అమ్మ నా తడి చెయ్యి పట్టుకుని ఆ గరుకు చేతిలో పెట్టింది. "అన్నా, నేను ఆడికి రాగూడదంట. నువ్వే నా బిడ్డను ఇయ్యి. నేను ఇచ్చినట్లే ఇయ్యి" అంది. మామ తల ఊపి, "నువ్వు చెప్పినావని చెప్పే ఇస్తాలేమ్మా" అన్నాడు. నేను కళ్ళు మూసుకునే ఉన్నాను, చెవులు మూసుకోలేదు.

పందిట్లో జనమంతా ఉన్నారు. మామ నన్ను రెండు చేతులా ఎత్తి నాయన ఒడిలో పెట్టాడు. అమ్మ చెప్పిందని చెబుతానన్నవాడు అంత జనాన్ని చూసి బెదిరిపోయాడో ఏమో, "తీసుకో బావా" అని ఒక్కమాట అన్నాడు. నాయన నా నోట్లో చక్కెర పోశాడు. వంటింటి తలుపు సందులోంచి అమ్మ ఆకుపచ్చ చీర అంచు కనబడుతోంది. నేను అటే చూస్తుంటే చిన్నాయన నా గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకున్నాడు. "ఇంగ నువ్వు మా ఇంటిపేరు దానివి" అని తన చేత్తో బూరె తినిపించాడు. మా పక్కింటి దూదేకుల సాయిబు, పరుపులు కుట్టే ఆయన, ఒక చిన్న బొంత కుట్టి తెచ్చి నాకు కప్పాడు. ఆ ఏడు పెద్దల పండగకు నేను నాయన పక్కనే కూర్చుని తిన్నాను.

రిజిస్టరు మాట ప్లీడరు రెండుసార్లు కబురు పంపి మరీ గుర్తు చేశాడట. నాయన పోలేదు. "ఊరంతా చూసింది, ఊరంతా తినింది. నా బిడ్డ నా బిడ్డేనని కచేరీకి పోయి రాయించుకోవల్నా?" అనేవాడు. చిన్నాయన కూడా, అవునన్నా, ఎందుకు ఆ తిప్పలు అనేవాడు. అప్పుడు అది నాకు ప్రేమలాగే వినబడింది.

నాకు పెళ్ళయింది. మా ఆయన తాడిపత్రిలో నాపరాళ్ళ వ్యాపారి దగ్గర గుమాస్తా. అల్లుడు ఇల్లరికం వచ్చి బావి పూర్తి చేస్తాడని నాయన ఆశ. కరువుల్లో ఆ చేను ఇద్దరికి తిండి పెట్టదని తెలిసి మేము తాడిపత్రిలోనే ఉండిపోయాము. అంతలో మా మేనమామ జబ్బు చేసి పోయాడు. ఆ తరువాత ఒక ఎండాకాలం నాయన చేలోనే పడిపోయాడు. నేను వచ్చేసరికి చిన్నాయన తలకొరివి పెట్టేశాడు. ఆడపిల్ల కోసం శవాన్ని ఆపుతారా అన్నారు. బావి అట్లాగే నోరు తెరుచుకుని ఉంది.

తరువాత చిన్నాయన మా ఇంటికి రోజూ రావడం మొదలుపెట్టాడు. అమ్మకు నీళ్ళు మోసి పెట్టాడు, కట్టెలు తెచ్చి వేశాడు. నలుగురిలో వదినా వదినా అని పిలిచి మంచం వేసి కూర్చోబెట్టాడు. అంతవరకూ ఏ మగవాడూ అమ్మను ముందుకు రమ్మని పిలవలేదు. పిలిచాడు కాబట్టి పోయింది. ఏమి చెప్పాడో తరువాత ఊళ్ళోవాళ్ళు నాకు చెప్పారు. "పాప దత్తు కూతురైతే సగము ఆ పాపది. అల్లుడు తాడిపత్రోళ్ళకు అమ్ముకుంటాడు. దత్తు లేదంటే ఇల్లూ చేనూ అంతా నీ ఒక్కదానిదే వదినా. నువ్వు నా కొడుక్కు రాసియ్యి, నిన్ను మేము చూసుకుంటాము." అమ్మ ఆ కాగితానికి వేలిముద్ర వేసింది.

నేను నమ్మలేదు. పెద్దల పండగ వచ్చింది. నాయనకు మొదటిసారి బట్టలు పెట్టే పండగ. తాడిపత్రి నుంచి పంచె తువ్వాల కొనుక్కుని పోయాను. వరసలో కూర్చోబోతే చిన్నమ్మ మళ్ళీ నా రెక్క పట్టుకుంది. "నీ ఇంటిపేరు వేరే కదమ్మే" అంది. నేను చిన్నాయన వైపు చూశాను. బూరె తినిపించిన మనిషి ఆకులో ఉప్పు సర్దుకుంటున్నాడు. అమ్మ వైపు చూశాను. ఈసారి ఆమె తలుపు చాటున లేదు. గరిటె పట్టుకుని వరస మధ్యలో నిలబడి వడ్డిస్తోంది. నన్ను దాటి పక్క ఆకులో అన్నం పెట్టింది. వసారాలోకి నా వెంట వచ్చి కూర్చోవడానికి నాయన లేడు. తెచ్చిన పంచె అట్లాగే చంకన పెట్టుకుని బస్సెక్కాను. మరుసటి రోజే మా ఆయన్ను తీసుకుని ప్లీడరు దగ్గరకు పోయాను.

ఆయన బాగా ముసలివాడయ్యాడు. ముక్కుపొడుం మానలేదు. అంతా విని నెత్తి కొట్టుకున్నాడు. "తల్లి చేతితో ఇయ్యమని చెప్తినే! సరే, అయిందేదో అయింది. తల్లి చెప్తే ఆమె తరఫున ఇంగొకరు చెయ్యి వేసి ఇయ్యొచ్చు, తప్పులేదు. కానీ ఇమ్మని చెప్పింది తల్లేనని తేలాల. మీ మామ లేడు. నువ్వు అప్పుడు చిన్నపిల్లవు, పైగా ఆస్తి అడిగేదానివి, నీ మాట నిలబడదు. ఉండేది మీ అమ్మ ఒగతే. ఆమె అవునంటే గెలుస్తావు. కాదంటే మీ నాయనకు నువ్వు ఏమీ కావు."

ఏమీ కావు. ఈ మాట ఆయన మామూలుగానే అన్నాడు. సగం చేను పోతే పోనీ అనుకోగలను. ఆ చేను ఏ ఏడు పండింది కనుక? గుత్తి కొండ మీద "నా కూతురు" అన్నమాట అబద్ధం అని ఎవరో కాగితం మీద రాస్తారంటే మాత్రం తట్టుకోలేకపోయాను.

నాయన దత్తు కూతురిని నేనేనని దావా వేశాము. కోర్టులో మొదట నా మాట విన్నారు. తరువాత నా తరఫున సాయిబు వచ్చాడు. ఆయన నిజం తప్ప ఇంకేమీ చెప్పలేదు. "మామ ఎత్తి ఒళ్ళో పెట్టినాడు. నేను కండ్లారా చూసినా. వాళ్ళమ్మ ఆడ లేదు. లోపలుండె." ఆయన నా మేలు కోరే వచ్చాడు. చిన్నాయన ప్లీడరు ఆ మాటనే పట్టుకుని, తల్లి అక్కడ లేదని రెండుసార్లు చెప్పించాడు. మారుమనువు చేసుకున్నదాన్ని పీట మీద కూర్చోనివ్వరాదని ఆ రోజు అన్న పెద్దమనుషులే ఒకరి తరువాత ఒకరు వచ్చి, ఆమె పీట మీద కూర్చోలేదని సాక్ష్యం చెప్పారు. లోపలికి తోసినదీ వాళ్ళే, లోపలుందని చెప్పినదీ వాళ్ళే. సిగ్గయినా పడలేదు.

ఇంక అమ్మ వంతు. అంతకుముందు కోర్టు ఆవరణలో వేపచెట్టు కింద ఒక్కతే కూర్చుని ఉంటే నేనే దగ్గరకు పోయాను. "అమ్మా, పెరట్లో మామతో ఏమన్నావో అది చెప్పు. ఇంకేమీ వద్దు" అన్నాను. నా తల మీద చెయ్యి వేసి, "జరిగింది జరిగినట్లు చెప్తా పాపా. తల్లిని నమ్మవా?" అంది. నమ్మాను. నోట్లో పడిన నీళ్ళు గుటకవేసినంత సులువుగా నమ్మాను.

మా ప్లీడరు అడిగాడు, "దత్తత నాడు పొద్దున, పాపను ఇయ్యమని మీ అన్నకు నువ్వు చెప్పినావు కదమ్మా?"

అమ్మ కొంగు సర్దుకుంది. సాక్షుల బోనులో ఆ ఎత్తు మీద నిలబడి, అంతమంది మగవాళ్ళు తన మాట కోసం ఎదురు చూస్తుంటే, ఆమె గొంతు వణకలేదు.

"నన్నెవురు అడిగినారు సామీ? నువ్వు రావద్దు, లోపల నిలబడమనిరి. నిలబడితిని. నేను మా అన్నకు ఏమీ చెప్పలే. నా బిడ్డను నేను ఎవురికీ ఇయ్యలే."

చిన్నాయన తువ్వాలతో కళ్ళు ఒత్తుకున్నాడు. చూసినవాళ్ళు ఎంత మంచివాడో అనుకుని ఉంటారు.

ఆమె చెప్పినదాంట్లో సగం నిజమే. లోపల నిలబెట్టారు. అడగలేదు. ఆ అవమానం ఆమె కడుపులో అన్నేళ్ళు ఉందని నాకప్పుడు తెలిసింది. అది ఎవరి మీద కక్కాలి? నిలబెట్టినవాళ్ళ మీద. వాళ్ళ పక్కనే కూర్చుని నా మీద కక్కింది. నా బిడ్డ అని ఆమె నలుగురిలో నన్ను అనగా నేను అంతకుముందు ఎన్నడూ వినలేదు. చిన్నప్పుడు ఆ మాట కోసం ఆమె కొంగు పట్టుకుని తిరిగాను. తీరా అన్నది ఎప్పుడు? నాకున్న ఒక్క నాయనను నా నుంచి లాక్కోవడానికి. నమ్మించి గొంతు కోయడం అంటారే, అది ఇంత మెత్తగా ఉంటుందని నేను అనుకోలేదు.

తీర్పు చాలా నెలలకు వచ్చింది. దత్తత రుజువు కాలేదన్నారు. ఇంటిపేరు దగ్గర, తండ్రి పేరు దగ్గర, నేను ముఖం చూడని మనిషి పేరు రాసుకోవాల్సి వచ్చింది. తీర్పు నాకు కొత్తగా ఏమీ చెప్పలేదు. నాకు తీర్పు ఆ సాక్ష్యం రోజు సాయంత్రమే బస్సులో అయిపోయింది.

అనంతపురం నుంచి మా ఊరి మీదుగా తాడిపత్రి పోయే బస్సు ఆ వేళకు ఒక్కటే. వాదులూ సాక్షులూ అందరం అందులోనే ఎక్కాలి. చిన్నాయన పెద్దమనుషులతో ముందు సీట్లలో కూర్చుని పంటల మాటలు మాట్లాడుతున్నాడు. సాయిబు నా ముఖం చూడలేక కిటికీలోంచి బయటకు చూస్తున్నాడు. మా ఆయన డ్రైవరు వెనక నిలబడ్డాడు. ఖాళీ ఉన్నది అమ్మ పక్కన ఒక్కటే. ఆమె జరిగి, సీటు మీద చెయ్యి తట్టింది.

"ఈడ కూచో పాపా."

నిలబడ్డాను. బస్సు కదిలింది. ఆమె ఎవరికీ వినబడకుండా అంది, "నాకు తల దాచుకునేకి ఒగ ఇల్లు ఉండాల కదా. నువ్వు తాడిపత్రికి పోతావు. నేను ఈ ఊర్లో ఈళ్ళ మధ్యనే బతకాల. ఈళ్ళను కాదంటే నన్ను ఈ తూరి యాడ నిలబెడతారో? నువ్వంటావా, ఏం చేసినా నా బిడ్డవే. యాడికి పోతావు?"

అదన్నమాట సంగతి. వాళ్ళ మీద నమ్మకం లేక వాళ్ళ వైపు పోయింది. నా మీద నమ్మకం ఉండి నన్ను వదిలేసింది. ఆమెకు బదులు చెబుదామని నోరు తెరిచాను. నాయన ఒక్కసారైనా నిన్ను లోపల నిలబడమని తన నోటితో అన్నాడా అని అడగాలనుకున్నాను. కాదు, ఆయన సరేలే అన్నాడు.

అమ్మ కొంగు ముడి విప్పింది. పొద్దున ఇంటి నుంచి తెచ్చుకున్న బొరుగులు, బెల్లం ముక్క. నేను పొద్దుటి నుంచి ఏమీ తినలేదని ఆమెకు తెలుసు. దోసిట్లో పోసుకుని నా వైపు చాచింది. "తీసుకో. మామకు చెప్పింది నాకు గుర్తు లేకనా? తీసుకో పాపా" అంది.

బస్సు ఊగినప్పుడల్లా బొరుగులు రెండు మూడు కింద రాలుతున్నాయి. ఆమె చెయ్యి దించలేదు. బుక్కరాయసముద్రం చెరువు కట్ట దాటిందాకా అట్లాగే చాచి ఉంది. నాకు కడుపు మాడిపోతోంది, కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. నేను రెండు చేతులతో పైన కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. తీసుకోలేదు.